పార్కులకు డబ్బు పెట్టే ముందు: మా పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, వార్డు కౌన్సిలర్లందరికీ నమస్కారం.

వచ్చే బడ్జెట్‌లో పార్కులు, కాలువ గట్లు, ఊళ్లో పాడుపడిన ఖాళీ స్థలాలు బాగు చేయడానికి కొంత డబ్బు కేటాయించాలనుకుంటున్నారని, దాంతో అసాంఘిక కార్యకలాపాలు తగ్గుతాయని మీరు అంటున్నారని విన్నాం. మంచి మాట, ఎప్పుడో చేయాల్సిన పని. అయితే ఆ డబ్బు ఏ పద్దు కింద పెడతారు, దేనికి ఖర్చు చేస్తారు అన్న దాని మీదే ఫలితమంతా ఆధారపడి ఉంది. అందుకే ఈ ఉత్తరం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. డెల్టాలో కాలువ పక్కన ఉన్న ఏ పట్టణం వాళ్లు చదివినా ఇది తమ ఊరి సంగతే అనుకుంటారు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కొత్తగా కట్టడానికి అనుకున్న డబ్బులో సగం తగ్గించైనా సరే, కట్టినదాన్ని నడపడానికి డబ్బు పెట్టండి. లైటు మాడితే మార్చే మనిషి, రోజూ ఊడ్చే మనిషి, సాయంత్రం పూట గేటు దగ్గర కూర్చునే మనిషి, వీళ్లకి కనీసం మూడేళ్ల జీతం ఇప్పుడే పక్కన పెట్టండి. అది లేకపోతే ఎంత అందంగా కట్టిన పార్కయినా రెండు వర్షాకాలాలు దాటేలోపు మందు బ్యాచ్‌లకి అడ్డా అయిపోతుంది. మన ఊళ్లో జరిగింది అదే.

కాలనీ పార్కు సంగతే తీసుకోండి. అది లేఅవుట్ వేసినప్పుడు నిబంధన ప్రకారం వదిలిన 10 శాతం ఖాళీ స్థలం. చాలా ఏళ్లు జిల్లేడు మొక్కలతో, ఇళ్లు కట్టుకున్నవాళ్లు పోసిన రబ్బిష్‌తో అలాగే పడి ఉంది. తర్వాత ఎవరి పుణ్యమో నిధులొచ్చాయి. ఆర్చి కట్టారు, శిలాఫలకం పెట్టారు, వాకింగ్ ట్రాక్ వేశారు, ఓపెన్ జిమ్ పెట్టారు, సిమెంటు జింకా జిరాఫీ నిలబెట్టారు, మధ్యలో ఫౌంటెన్. ఆ ఫౌంటెన్ ప్రారంభోత్సవం రోజున బ్రహ్మాండంగా పనిచేసింది. కాంట్రాక్టర్ నిర్వహణ గడువు ముగిసిపోయాక బోరు మోటారు కాలిపోయింది. మోటారు బాగు చేయించడానికి ఎస్టిమేట్ వేశారు, ఫైలు కదిలింది, ఎక్కడో ఆగింది. నీళ్లు లేక పచ్చిక ఎండిపోయింది. ఆ తర్వాత ఎవరో లైట్ల కేబుల్ కోసుకుపోయారు. చీకటి పడ్డాక అక్కడ ఎవరున్నారో కనిపించకుండా పోయింది.

ఇక మిగతాది మీకు తెలిసిందే. ముందు క్వార్టర్ సీసాలు, డిస్పోజబుల్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు. తర్వాత పగిలిన సీసాలు. ఆపైన బ్లేడ్ బ్యాచ్ తిరుగుతోందన్న పుకారు. అందులో నిజమెంతో ఎవరూ తేల్చలేదు గానీ, ఆడవాళ్లు రావడం మానేయడానికి పుకారు చాలు. కాలనీ వాళ్లం అర్జీ పెట్టాం. దానికి పురపాలక సంఘం చేసిన పని, ప్రహరీ ఎత్తు పెంచి, పైన గాజుపెంకులు గుచ్చి, గేటుకి తాళం వేయడం.

ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు ఇప్పుడు మీలో ఎవరూ లేకపోవచ్చు, ఆ ఆలోచన మాత్రం ఇంకా ఉంది. గోడ దూకగలిగేవాళ్లు ఎవరు? మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన దూకలేడు. పిల్లని చంకనేసుకున్న తల్లి దూకలేదు. తాగడానికి వచ్చే కుర్రాళ్లు దూకుతారు. పైగా గోడ ఎత్తు పెరగడంతో రోడ్డు మీద నుంచి లోపల ఏం జరుగుతోందో కనబడదు, వాళ్లకి అడ్డుగా తెర కట్టి ఇచ్చినట్టయింది. నడక అలవాటున్నవాళ్లేమో ఇసుక ట్రాక్టర్ల పక్కన, మెయిన్ రోడ్డు అంచున నడుస్తున్నారు.

ఈ విషయంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన ఒక పరిశోధన మీ ఇంజినీరింగ్ విభాగం వాళ్లు చదవాలి. 2018లో ఫలితాలు ప్రచురించారు. పాడుపడిన 541 ఖాళీ స్థలాలను తీసుకుని, వాటిలో కొన్నింటిని లాటరీ తీసినట్టు ఎంచుకుని బాగు చేశారు, మిగతావాటిని అలాగే వదిలేశారు. బాగు చేయడమంటే పెద్దగా ఏమీ లేదు. చెత్త ఎత్తేశారు, నేల చదును చేశారు, పచ్చిక వేసి నాలుగు చెట్లు నాటారు. చుట్టూ పొట్టి చెక్క కంచె కట్టి, మనుషులు లోపలికి వెళ్లడానికి దారులు వదిలారు. ఆ తర్వాత క్రమం తప్పకుండా మనిషి వచ్చి గడ్డి కోసి శుభ్రం చేసేవాడు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వాడల్లో ఇలా బాగు చేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. మన దగ్గర ఆ తుపాకుల గొడవ లేదు, ఆ అంకె తెచ్చి మన ఊరికి అంటించమని నేను అనను. గమనించాల్సింది వాళ్లు ఏం కట్టారు, ఏం కట్టలేదు అన్నది. ఆర్చి లేదు, ఫౌంటెన్ లేదు. కంచె లోపలికి చూపు వెళ్లేలా పొట్టిగా ఉంది. పని అయిపోయాక కూడా మనిషి వస్తూనే ఉన్నాడు.

కాబట్టి కాలనీ పార్కుకి మేం అడిగేది ఖర్చు తక్కువ పని. ప్రహరీని నడుము ఎత్తుకి దించండి, పైన ఇనుప గ్రిల్ పెట్టండి. తాళం తీసేయండి. మోటారు, లైట్లు బాగు చేయించండి. ఫౌంటెన్‌ని పూడ్చేసి అక్కడ ఒక వేపచెట్టు నాటండి, దానికి ఎస్టిమేటూ టెండరూ అక్కర్లేదు.

లైట్ల విషయం కొంచెం విడిగా చెప్పాలి. దేశమంతా వీధిదీపాలను ఎల్ఈడీలకు మార్చే పథకం 2015 జనవరిలో మొదలైంది. అంతకుముందే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖపట్నంలో కూలిన వీధిదీపాల స్థానంలో ఎల్ఈడీలు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన ఊళ్లోనూ స్తంభాలకి ఎల్ఈడీలు వచ్చాయి. అయితే అవన్నీ రోడ్డు మీద బండ్లకి దారి చూపించడానికి పెట్టినవి. పార్కు లోపల, కాలువ మెట్ల దగ్గర, ఓవర్‌బ్రిడ్జి కింద, రైతుబజారు వెనక సందులో, అంటే మనిషి నడిచే చోట చీకటే. కొన్నిచోట్ల లైటు ఉంటుంది, కానీ కొమ్మలు అడ్డం. కొమ్మలు కొట్టేది విద్యుత్ శాఖ అని మీరు, వీధిదీపం మునిసిపాలిటీది అని వాళ్లు. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాల దగ్గర అదనంగా దీపాలు పెట్టి చూస్తే రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు కనీసం 36 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు. సీసీ కెమెరాల కోసం మీ దగ్గరికి రకరకాల కంపెనీల వాళ్లు వస్తూ ఉంటారు. జనం గుమికూడే వ్యాపార సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని మన ఆంధ్రప్రదేశ్‌లో 2013 నుంచే చట్టం ఉంది, దాన్ని ఎవరూ కాదనరు. పార్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందు లైటు పెట్టండి, కెమెరా సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు కాలువ గట్టు. ఇక్కడ అసలు చిక్కు డబ్బు కాదు. గట్టు జలవనరుల శాఖది. గట్టు మీది రోడ్డు రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) వాళ్లది. పక్కనున్న షాపుల గదులు మునిసిపాలిటీవి. స్తంభాలు విద్యుత్ సంస్థవి. చెత్త మాత్రం మనందరిది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున ఏముందో చూస్తే అన్నం సయించదు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, పాత పరుపులు, కోళ్ల షాపుల వ్యర్థాలు. ఒకప్పుడు ఆడవాళ్లు బట్టలుతికిన రేవులు, పిల్లలు ఈతలు నేర్చుకున్న మెట్లు ఇవి. ఇప్పుడు అక్కడికి పగటిపూట వెళ్లేది మూత్రానికి, రాత్రిపూట వెళ్లేది సీసాకి.

గట్టు మాది కాదు, మా నిధులు అక్కడ పెట్టకూడదు అని మీరంటారు. ఆడిట్ అభ్యంతరం వస్తుందన్న భయం నిజమే, కాదనను. కానీ గట్టు మీద చేరే చెత్త ఊరి చెత్త. దాన్ని ఎత్తడం, మరుగుదొడ్లు నడపడం పారిశుద్ధ్యం కిందికే వస్తాయి కదా. కేంద్ర నిధుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మన లాంటి పట్టణాలకు ఇచ్చిన నిధులకి పెట్టిన షరతులు మీకు మాకంటే బాగా తెలుసు. 60 శాతానికి పద్దు కట్టేశారు, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి, ఘనవ్యర్థాల నిర్వహణకి. మిగిలిన 40 శాతం జీతాలకి, ఆఫీసు ఖర్చులకి తప్ప స్థానిక అవసరం ఏదైనా చూసుకుని వాడుకోవచ్చన్నారు. ఆర్థిక సంఘం మారినప్పుడు లెక్కలు మారవచ్చు గానీ ఈ రెండు రకాల పద్దుల తేడా తెలిసినవాళ్లకి గట్టు శుభ్రానికి డబ్బు దొరకదని ఎవరూ చెప్పలేరు. దొరకనిది నలుగురు అధికారులు ఒక టేబుల్ దగ్గర కూర్చునే ఒక్క సాయంత్రం. జలవనరుల శాఖ నుంచి ఒక లెటర్, ఎవరు ఏ ముక్క చూస్తారో రాసుకున్న ఒక కాగితం ఉంటే సగం పని అయినట్టే. ఆ సమావేశాన్ని కమిషనర్ గారు పిలవాలి. కౌన్సిలర్ పిలిస్తే మిగతా శాఖల వాళ్లు రారు.

గట్టు మీద రంగురంగుల లైట్లు, ఊరి పేరుతో ఇంగ్లిష్ అక్షరాల సెల్ఫీ పాయింట్ పెడతారని ఒక మాట వినిపిస్తోంది. దయచేసి వద్దు. పుష్కరాలకి కట్టిన ఘాట్లు పుష్కరాలు వెళ్లాక ఎలా ఉంటాయో నదీతీరం వాళ్లందరికీ తెలుసు. అంత డబ్బులో ఇక్కడ రెండు మరుగుదొడ్లు నడుస్తాయి, ఆడవాళ్లకి ఒకటి, మగవాళ్లకి ఒకటి, నీళ్లతో, మనిషితో. బస్టాండ్ నుంచి మార్కెట్‌కి నడిచే ఆడవాళ్లకి ఈ దారిలో మరుగుదొడ్డి లేదు. కట్టినది ఒకటుంది, తాళం వేసి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో వార్డు సచివాలయంలో కూడా చెప్పలేకపోయారు.

ఓవర్‌బ్రిడ్జి కింద స్థలం గురించి ఎక్కువ రాయను. ముంబైలోని మాటుంగాలో ఫ్లైఓవర్ కింద అడ్డదిడ్డంగా పార్కింగ్, జూదం, తాగుడు ఎక్కువైతే, అక్కడి జనం పట్టుపట్టి కార్పొరేషన్ చేత నడకదారి, తోట వేయించుకున్నారు. 2016లో తెరిచారు. మనం అంత చేయక్కర్లేదు. పిల్లలు షటిల్ ఆడుకునేలా నేల చదును చేసి, గీతలు గీసి, లైటు పెడితే చాలు.

అసాంఘిక శక్తులు అనే మాటని మీ తీర్మానంలో రాసేటప్పుడు అందులో ఎవరెవరు వస్తారో కాస్త ఆలోచించండి. సాయంత్రం క్రికెట్ ఆడుతూ అరిచే కుర్రాళ్లు అసాంఘికం కాదు. బెంచీ మీద కూర్చుని మాట్లాడుకునే అబ్బాయీ అమ్మాయీ అసాంఘికం కాదు. ఇల్లు లేక ఓవర్‌బ్రిడ్జి కింద పడుకునేవాళ్లకి రాత్రి ఆశ్రయం చూపించాలి, వాళ్ల దుప్పట్లు ట్రాక్టర్‌లో వేసుకుని పోకూడదు. గంజాయి అమ్మేవాడి సంగతి వేరు. అది పోలీసుల పని. దానికి రాష్ట్రంలో మత్తుపదార్థాల పని పట్టే ఈగల్ విభాగం ఉంది, సమాచారం చెప్పడానికి 1972 నంబరు ఉంది, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉన్నారు. పూలమొక్కలు నాటి గంజాయి ఆపుతామని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ అమ్మేవాడికి కావాల్సింది నలుగురూ తిరగని మూల. ఆ మూలలు తగ్గించడం మీ చేతిలో ఉంది. ఒకచోట వెలుగొస్తే ఇంకోచోటికి పోతారని కొందరంటారు. కొందరు పోతారు, నిజమే. ఇంట్లో తాగలేనివాడు, బారులో అంత పెట్టలేనివాడు దగ్గర్లో ఉన్న చీకటి చూసుకుంటాడు. దగ్గర్లో దొరక్కపోతే దూరం పోతాడు. బడి పక్కన, ఇళ్ల మధ్యన ఉన్న చీకటి ముందు పోగొడితే అదే లాభం.

మనుషులు తిరిగేలా చేయడానికి మీకు అన్నిటికంటే చవకైన దారి బళ్లవాళ్లు. బజ్జీల బండి, మొక్కజొన్న పొత్తుల బండి, టీ బండి ఉన్నచోట రాత్రి తొమ్మిదింటికి కూడా ట్యూషన్ నుంచి వచ్చే అమ్మాయిలు భయం లేకుండా నిలబడతారు. మన అధికారులకి మాత్రం సుందరీకరణ అనగానే మొదట గుర్తొచ్చేది బళ్లు ఎత్తేయించడం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీని కూర్చోబెట్టి, పార్కు గేటు బయట నాలుగు బళ్లకి, గట్టు మొదట్లో నాలుగు బళ్లకి చోటు చూపించండి. డస్ట్‌బిన్ బాధ్యత వాళ్లకే అప్పగించండి. మూత్రానికి వచ్చేవాణ్ణి కసిరేది వాళ్లే, ఆకతాయి పిల్లల్ని గుర్తుపట్టేదీ వాళ్లే. పార్కు నిర్వహణని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకి అప్పగించే పద్ధతి కూడా చూడండి. కాంట్రాక్టర్‌కి ఆ పార్కు ఒక బిల్లు. అదే వీధిలో ఉండే ఆడవాళ్లకి వాళ్ల పిల్లలు ఆడుకునే చోటు.

ఇక డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న. ఆర్థిక సంఘం నిధుల మాట పైన రాశాను. 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, ఏటా పెరుగుతోంది, మేం కడుతున్నాం. ఖాళీ స్థలాల పన్ను కూడా ఉంది. ఊరి మధ్యలో పాములకి, పందులకి నిలయంగా ఉన్న ప్రైవేటు ప్లాట్ల యజమానుల దగ్గర అది నిజంగా ఎంత వసూలవుతోందో చూడండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్లు క్రమబద్ధీకరణకి, ఇంటి ప్లానుకి వచ్చినప్పుడు ఓపెన్ స్పేస్ చార్జీల పేరుతో స్థలం విలువలో కొంత శాతం కట్టించుకుంటున్నారు. లేఅవుట్ వేసినవాడు పార్కుకి స్థలం వదల్లేదు కాబట్టి దాని బదులుగా తీసుకునే డబ్బు అది. కట్టినవాళ్లు అప్పు చేసి కట్టారు. ఇన్నేళ్లలో ఆ పద్దు కింద ఎంత జమ అయింది, అందులో ఎంత నిజంగా ఖాళీ స్థలాల మీద ఖర్చయింది, ఎంత జనరల్ ఫండ్‌లో కలిసిపోయి జీతాలకీ డీజిల్‌కీ పోయింది? ఈ లెక్క తేలితే కొత్త నిధుల కోసం అమరావతి వైపు చూడాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది.

ఒక్కసారే అన్ని వార్డులకీ పంచకండి. మీ ఇబ్బంది అర్థమవుతుంది. ఒక వార్డుకిచ్చి ఇంకో వార్డుకి ఇవ్వకపోతే కౌన్సిల్‌లో గొడవ. అందుకని వార్డుకింత అని పంచేస్తారు, ప్రతి వార్డులో ఒక బెంచీ, ఒక ఊయల, ఒక బోర్డు వస్తాయి. ఏ ఒక్క చోటూ బాగుపడదు. మొదటి ఏడాది కాలనీ పార్కు, కాలువ రేవు, ఓవర్‌బ్రిడ్జి, ఈ మూడే తీసుకోండి. పట్టణ ప్రాంతాల్లో పార్కులు, ఆట స్థలాలు, వీధిదీపాలు, మరుగుదొడ్లు స్థానిక సంస్థల పనులని రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్ చెబుతోంది. వార్డు కమిటీలు మాత్రం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి చేశారు. మన ఊరు ఆ లెక్కలోకి రాదు. అయినా ఈ మూడు చోట్లకి చుట్టుపక్కల వాళ్లతో, బళ్లవాళ్లతో, వార్డులో నీళ్లు, లైట్ల లాంటి సదుపాయాలు చూసే ఎమెనిటీస్ సెక్రటరీతో ఒక చిన్న బృందం పెట్టడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఎక్కడ భయమేస్తుందో మగవాళ్లం ఊహించి చెప్పగలం, వాళ్లకైతే తెలుసు.

చివరగా ఒక మనవి. ఎస్టిమేట్, కాంట్రాక్టర్ పేరు, నిర్వహణ గడువు, లైటు మాడితే ఎవరికి ఫోన్ చేయాలి అనేవి ఆ మూడు చోట్లా బోర్డు మీద రాయించండి. ఓపెన్ స్పేస్ చార్జీల జమాఖర్చులు పురపాలక కార్యాలయం నోటీసు బోర్డులో పెట్టండి. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్ కేటాయింపులు, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకుండానే మీరు బయటపెట్టాలి. బడ్జెట్ సమావేశానికి ముందే పెడితే, అది చదువుకుని మేం కూడా నాలుగు సూచనలతో వస్తాం. పెట్టకపోతే పది రూపాయల ఫీజుతో దరఖాస్తులు వస్తాయి. వాటికి ముప్పై రోజుల్లో జవాబు రాయాల్సింది ఇప్పటికే పని ఎక్కువై సతమతమవుతున్న మీ గుమస్తాలే.

ఇట్లు,
కాలువ గట్టు వార్డులో ఇంటి పన్ను కట్టే ఒక పౌరుడు